డిక్కీలో ఎర్ర డబ్బా

పదో తరగతి తప్పి బడి మానేసిన నాకు, మా ఫ్యాక్టరీకి సర్టిఫికెట్ తెప్పించే పని అప్పగించారు. నా పేరు మీద ఉన్న సర్టిఫికెట్ పుట్టిన తేదీది ఒక్కటే. దానికీ ఆఫీసుల చుట్టూ తిరిగింది మా నాన్న.

ఐర్లండులో పోర్ట్‌లీష్ అనే ఊరి శివార్లలో మాదొక చిన్న షెడ్డు. ఆసుపత్రులకు సెలైన్ స్టాండ్లు చేస్తాం. యజమాని గుంటూరాయన, అందరికీ అంకుల్. నాణ్యతకిచ్చే ఐఎస్‌ఓ సర్టిఫికెట్ ఉంటేనే పెద్ద ఆర్డరు ఇస్తామని ఆసుపత్రి వాళ్ళు తేల్చేశారు. అది రాకపోతే నాకూ, వెల్డింగు చేసే ఐరిష్ ముసలాయనకూ వారంలో సగం రోజులే పని. అద్దె మాత్రం సగం కాదు.

ఆ చలికాలమంతా నేను చేసింది, చెడిన పీసును మూలకు గిరాటేసే అలవాటు మాన్పించడం. చెడినవాటికి లెక్క చూపిస్తేనే సర్టిఫికెట్ ఇస్తారు కాబట్టి ఎర్ర డబ్బా ఒకటి పెట్టాను. వంకరపోయిన ప్రతి రాడ్డూ, ఎందుకు చెడిందో రాసిన చీటీ కట్టుకుని అందులో పడాలి.

"ఏంటిది, పేషెంటుకి కట్టినట్టు?" అని వెల్డర్ నవ్వాడు.

"డాక్టరువి నువ్వే. అందుకే ఇంతమంది పోతున్నారు" అన్నాను. ఆ రోజు నుంచి ఆయనా కట్టాడు.

తనిఖీకి ఆడిటరమ్మ వచ్చిన రోజు చూసినదానికల్లా "గ్రాండ్" అంటూ రాసుకుంది. ఇక్కడివాళ్ళ నోట ఆ మాటకు బాగుందని అర్థం. చెడినవి ఎక్కడ పెడతారని అడిగితే గర్వంగా మూలకు చెయ్యి చూపించాను. అక్కడ డబ్బా లేదు. కడిగిన నేల మీద మనీప్లాంట్ కుండీ ఉంది.

"మా దగ్గర చెడేవి ఉండవు మేడమ్" అన్నాడు అంకుల్ నవ్వుతూ.

ఆవిడ పెన్ను ఆగింది. ఈసారి గ్రాండ్ అనలేదు.

నేను తెలుగులోకి దిగాను. "డబ్బా ఏది అంకుల్?"

"నా కారు డిక్కీలో ఉందిలేవయ్యా, గమ్మునుండు. ఇంటికి చుట్టాలొస్తే విడిచిన బట్టలు హాల్లో పెట్టుకుంటామా?"

"ఆవిడ చుట్టం కాదు! వచ్చిందే ఆ బట్టలు చూడ్డానికి!"

పరుగెత్తి తెచ్చాను. చీటీలన్నీ ఊడిపోయి బియ్యం బస్తా కింద నలిగాయి. ఏది దేనిదో దేవుడికెరుక. చెడ్డ సరుకును యజమానే దాచేచోట మంచి సరుకును మాత్రం ఎలా నమ్మేదని ఆవిడ అడిగింది. సర్టిఫికెట్ ఆగింది. మళ్ళీ ఆడిట్ అయ్యేదాకా ఆర్డరు లేదు. వెల్డర్ తన టీ కప్పు కడిగి బోర్లించాడు, ఇక సగం వారం దానితో పనిలేదన్నట్టు.

ఆ కప్పు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. డబ్బా ఎందుకో నేను చెప్పిన ప్రతిసారీ తల ఊపిన మనిషి అంకుల్! కనీసం దుర్మార్గుడైతే తిట్టి ఊరుకునేవాణ్ణి. పొద్దున్నే వచ్చి నేల తనే కడిగాడు, ఫ్యాక్టరీ మీద ప్రేమకొద్దీ. మా చలికాలం మొత్తాన్ని ఆ నీళ్ళతోనే కడిగేశాడు.

ఇంటికొచ్చి మా ఆవిడ మీద అరిచాను. "చూడ్డానికి వచ్చిన మనిషి దగ్గరే లోపం దాచేవాణ్ణి ఏమనాలి? నువ్వే చెప్పు!"

ఆవిడ పప్పులో పోపు వేస్తూ వెనక్కైనా తిరగలేదు.

"పెళ్ళిచూపుల రోజు పదో తరగతి సంగతి మా నాన్నకి చెప్పారా మీరు? అప్పటికి మీకు కారు కూడా లేదు. ఏ డిక్కీలో పెట్టారో!"