కంభం టీముకు నేతి ఓళిగలు

ఆ రోజుల్లో మా మార్కాపురం ఏ జిల్లాలో ఉందో మాకే సరిగ్గా తెలిసేది కాదు. నిన్నటిదాకా కర్నూలు అన్నారు, ఆ తర్వాత ఒంగోలు అన్నారు, ఇంకొన్నాళ్ళకు ప్రకాశం అన్నారు. మా ఊళ్ళో ఎవరూ పెద్దగా కంగారు పడలేదు. జిల్లా ఏదైతేనేం, ఫుట్‌బాల్లో కంభం వాళ్ళ చేతిలో ఓడిపోవడం మాత్రం మారలేదు కదా! ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఎక్కడో ఇంగ్లండులో ఆడే మీ టీము ఓడిపోయిందని మీరిద్దరూ అన్నం మానేశారట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మీ టీమేమిటో, ఆ చొక్కాల మీద పేర్లేమిటో నాకు తెలియదు గానీ, బంగారాలూ, నేనూ ఒకప్పుడు ఒక టీముకు అభిమానినే. మీకంటే పిచ్చిదాన్ని కూడా.

మా టీముకు చొక్కాలు లేవు. పదకొండు బనియన్లను ఒకే గంగాళంలో నీలిమందు వేసి ముంచితే అదే యూనిఫారం. చెమట పట్టిందంటే బనియన్లు తెల్లబడేవి, మనుషులు నీలంగా మారేవారు. గ్రౌండులో గీతలు సున్నంతో గీసేవాళ్ళు కాదు. మా ఊళ్ళో పలకలు కోసే ఫ్యాక్టరీల్లో బూడిదరంగు పొడి గుట్టలుగా ఊరికే దొరికేది, దాంతో గీసేవాళ్ళు. గాలి వీస్తే ఆ గీత కాస్తా ఎగిరిపోయేది. ఇక బంతి బయట పడిందా లోపల పడిందా అన్నది, గట్టిగా అరిచేవాడి గొంతును బట్టి తేలేది. ఆడపిల్లలు గ్రౌండుకు పోకూడదు కాబట్టి నాకు టికెట్టు మా ఇంటి మిద్దె. పిట్టగోడ అవతలే గ్రౌండు. ఆ మిద్దె మీద వడియాలు పెట్టినంత కాలం మా ఇంట్లో నా అంత పనిమంతురాలు లేదని పేరు. (వడియాలు కాకులు ఎత్తుకుపోయేవి. నేను బంతిని చూస్తుంటే కాకుల్ని ఎవరు చూస్తారు?)

మా అన్న ఆ టీములో గోలీ. పరిగెత్తలేడు, ఎగరలేడు, కానీ అడ్డంగా నిలబడితే సగం గోలు మూసుకుపోయేది. మా నాయనకు బజారులో బట్టల దుకాణం, ఊరందరికీ ఆయన శెట్టిగారు. అన్న ఎప్పుడు వచ్చి గల్లా దగ్గర కూర్చుంటాడా అని ఆయన, ఎప్పుడు బంతి దగ్గరకు పారిపోదామా అని వీడు. ఏటా ఒకసారి జరిగే కంభం మ్యాచి దగ్గర పడ్డప్పుడు నాయన ఒకరోజు తేల్చేశాడు.

"ఏందిరా ఏటేటా ఓడేది? ఈసారి గెలిస్తే ఆడుకో, నేనేమీ అనను. ఓడినావా, ఆ బూట్లు అటకెక్కుతాయి, నువ్వు దుకాణమెక్కుతావు."

అన్న ముఖం నీలిమందు లేకుండానే నీలబడింది. వాడి ఆట ఆగిపోతే టీమే ఉండదు. టీము లేకపోతే నాకు మిద్దె మీద వడియాలు తప్ప ఏం మిగులుతుంది? ఇద్దరం పోయి మా అవ్వ ముందు కూర్చున్నాం. అవ్వ అంటే నాయన తల్లి. నోట్లో పన్ను లేదు గానీ మాట మాత్రం మహా పదును.

"కంభమోళ్ళు రైలు దిగినాక యాడ తింటారు?" అని అడిగింది.

"మనింట్లోనే అవ్వా. ఈ ఏడు వంతు మనదే." వచ్చిన టీముకు ఆ ఊరివాళ్ళు మధ్యాహ్నం భోజనం పెట్టడం వాడుక.

"ఇంకేంది మరి! ఓళిగలు చేద్దాం. పప్పు, పులిహోర, వడలు, మీద గరిటెడు నెయ్యి. కడుపు నిండినోడు యాడ ఉరుకుతాడు? నువ్వు, మీవోళ్ళు మాత్రం మజ్జిగ తాగి పోండి."

(బొబ్బట్టునే మేము ఓళిగ అంటాం.) అంత గొప్ప ఎత్తు ఏ కోచ్‌కీ తట్టి ఉండదు. శనగపప్పు ఉడకబెట్టడం, బెల్లం కొట్టడం, పూర్ణం రుబ్బడం నా వంతు. నేను మా టీముకు చేసిన సేవ అదే. ఇప్పటికీ నా కుడిభుజం ఎడమదానికంటే గట్టిగా ఉంటుంది.

కంభం వాళ్ళు వచ్చారు. వాళ్ళ కెప్టెన్ పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేవాడు. పరుగు చూసి అందరూ 'గుర్రం' అనేవారు. విస్తళ్ళ ముందు కూర్చున్నారు. అవ్వ గిన్నె పట్టుకుంది, నేను నేతిగిన్నె పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే నాయన దుకాణం నుంచి వచ్చాడు. ఆయనకు మా ఎత్తు తెలియదు, చెప్పే ధైర్యం మాకు లేదు.

"ఏందిది? ఇంటికొచ్చినోళ్ళను ఒంటరిగా కూర్చోబెట్టినారా? మనోళ్ళు యాడ?" అని, గోడ వారన మజ్జిగ గ్లాసులతో నిలబడ్డ మా టీమునంతా ఎదురు వరుసలో కూర్చోబెట్టాడు. "కూర్చోండిరా! ఎదురుగా తోడు లేకపోతే వాళ్ళ నోట్లోకి ముద్ద దిగుతుందా?"

పోనీ, మా వాళ్ళకు తక్కువ వడ్డిద్దామని అవ్వ గిన్నె పక్కకు తిప్పింది. నాయన ఊరుకుంటేనా!

"అమ్మా, భోజనాల బంతిలో వలపక్షమా? ఆ వరుసకు రెండేసినావు, ఈ వరుసకూ రెండెయ్యి."

అలా కంభానికి ఎంత పడితే మార్కాపురానికీ అంత పడింది. నేను నెయ్యి పోస్తూ అన్న వైపు గుడ్లురిమాను. వాడు నా వైపు చూడనే లేదు, ఓళిగ వైపే చూశాడు. అందరికంటే ఎక్కువ తిన్నవాడు మా గోలీ. ఈల వేయాల్సిన డ్రిల్లు మాస్టారు కూడా బంతిలో కూర్చుని లేవలేకపోయాడు.

ఆ సాయంత్రం ఆట మీరు చూసి ఉండాల్సింది. ఇరవై రెండు మంది, తొమ్మిదో నెల నిండినవాళ్ళలా, నడుం మీద చెయ్యి వేసుకుని గ్రౌండంతా తిరిగారు. బంతి దగ్గరకు పోయినవాడు తన్నాలా వద్దా అని ఆలోచించేవాడు. బంతి ఎటో పోతే "నువ్వు పో అన్నా", "నువ్వు పో తమ్ముడూ" అంటూ ఒకరికొకరు మర్యాదలు. మాస్టారు నడిమధ్య స్టూలు వేయించుకుని కూర్చుని ఈల వేశాడు. అలాంటి ఆటలో మా వాడొకడు త్రేన్చుతూ తన్నిన బంతి దొర్లుకుంటూ పోయి, వంగలేని వాళ్ళ గోలీ కాళ్ళ సందు నుంచి గోలు దాటింది. మిద్దె మీద నేను ఎగిరిన ఎగురుకు వడియాల చాప కింద పడింది.

ఇంకాసేపు అలాగే ఉంటే గెలిచేవాళ్ళం. గుర్రం ఉన్నట్టుండి కడుపు పట్టుకుని కూలబడ్డాడు. గోడ కింద జనంలో ఎవడో అన్నాడు: "శెట్టిగారింట్లో ఏం పెట్టినారో ఏమోనబ్బా, పిల్లోడు పడిపోయినాడు!"

మిద్దెక్కి నా పక్కన నిలబడ్డ అవ్వ ఆ మాట వింది. అరవై ఏళ్ళుగా ఆమె చేతి వంట తిని పడిపోయినవాడు లేడు. టీమును మరిచిపోయింది, మనవడి బూట్లనూ మరిచిపోయింది. పిట్టగోడ పట్టుకుని ఊరంతా వినపడేలా అరిచింది.

"లెయ్యి మనవడా! నా చేతి తిండికి మచ్చ తేవద్దు! లేచి ఉరుకు! కొట్టు, గోలు కొట్టు!"

పెద్దావిడ అంత మాటంటే ఎవడు కూర్చుంటాడు? గుర్రం లేచాడు. బంతి తీసుకుని మా గోలు వైపు తూలుకుంటూ వచ్చాడు. అడ్డుపడే ఓపిక మా వాళ్ళెవరికీ లేదు. గోల్లో మా అన్న సరిగ్గానే నిలబడ్డాడు. కానీ "కొట్టు! కొట్టు!" అంటున్న సొంత అవ్వ గొంతు విని, నోరు తెరిచి మిద్దె వైపు చూశాడు. బంతి వాడి పక్క నుంచి లోపలికి పోయింది. మాస్టారు ఇక భరించలేక ఆఖరి ఈల వేసేశాడు.

ఇంటికొచ్చి అన్న ఏడుపు గొంతుతో అడిగాడు: "అవ్వా, నువ్వెవరి పక్క?"

"తిన్నోళ్ళ పక్క."

"నేను తినలేదా?"

"నువ్వు రోజూ తింటావు."

గెలిస్తే ఏమిటో, ఓడితే ఏమిటో చెప్పాడు గానీ సమానమైతే ఏమిటో నాయన చెప్పలేదు. "ఓడలేదు గదా నాయనా" అని నేనే నసిగాను. చివరికి మీసం కింద నవ్వు దాచుకుని, బేరం కుదిర్చినట్టు చెప్పాడు: "సరే, సగం సగం. పొద్దున దుకాణం, సాయంత్రం బంతి." ఆ బూట్లు అటకెక్కలేదు, అరిగిపోయి వాటంతట అవే పోయాయి.

ఆటకు బహుమానంగా పెట్టిన ఇత్తడి చెంబు ఎవరికివ్వాలో తేలలేదు. అవ్వ దాన్ని మిగిలిన ఓళిగలతో నింపి గుర్రం చేతిలో పెట్టింది, దారిలో తినమని. మరుసటేడు ఆ చెంబు కంభం పసుపు కొమ్ములతో తిరిగొచ్చింది. ఇంటికొచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదు కదా! ఆ తర్వాత ఎవరు గెలిచినా చెంబు మాత్రం అలాగే తిరుగుతూ ఉండేది. టీములు చెదిరిపోయిన ఏడు అది మా ఇంట్లో ఆగిపోయింది. ఇప్పుడు నా వంటింట్లో ఉంది. పంపడం మా వంతే, పంపడానికి ఎవరూ లేరు. అందుకని ఏదో ఒకటి పోసి ఉంచుతాను.

మొన్న మీ టీము ఆట టీవీలో వస్తే కాసేపు కూర్చున్నాను. నీలం చొక్కా పిల్లాడొకడు గడ్డి మీద కూలబడి పొర్లుతున్నాడు. వాడు మీ వాడో, ఎదుటివాడో నాకు తెలియదు. "అయ్యో, ఎవరింట్లో తిన్నాడో పాపం, లెయ్యి మనవడా!" అని పైకే అనేశాను. పక్కింటి కోడలు తొంగిచూసి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. గొంతు అచ్చం మా అవ్వదే.