తుపాను పలికిన పాత సింథసైజర్

మా నాటకంలో తుపాను వస్తుంది. చేపల వేటకెళ్ళిన భర్త కోసం ఒకావిడ ఒడ్డున ఎదురుచూసే కథ. రాజమండ్రిలో ఆఫీసు అయ్యాక ఆ నాటక బృందానికి సంగీతం వాయించడం నా సరదా. నా కొత్త కీబోర్డులో గాలి హోరు ఉంది గానీ, ఎప్పుడు నొక్కినా ఒకేలా వీస్తుంది. ఆ పాత్ర వేసే ఆవిడ రిహార్సల్లో విసుక్కునేవారు.

"నేను అరిచినప్పుడైనా మీ గాలి కాస్త తగ్గదా ఏంటండీ?"

కాకినాడలో ఒకప్పుడు ఆర్కెస్ట్రాలో వాయించిన పెద్దావిడ దగ్గర, నాబ్‌లు తిప్పి శబ్దాలు పుట్టించే పాత అనలాగ్ సింథసైజర్ ఉందని తెలిసి వెళ్ళాను. దాన్ని మంచం మీద పెట్టి, ముందుగా దాని లోపాలే చెప్పారు.

"ఇది ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుందండి. ఏ సౌండూ గుర్తుపెట్టుకోదు. నాబ్‌లు ఎక్కడున్నాయో ఫోన్లో ఫొటో తీసుకోవాల్సిందే. వేడెక్కితే శ్రుతి జారిపోతుంది."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఉంచుకున్నారండి?"

ఆవిడ ఒక నాబ్ మెల్లగా తిప్పారు. ఎక్కడో దూరాన మొదలైన గాలి మా మీదికి వచ్చింది, ఈల వేసింది, గర్జించింది, మళ్ళీ వెనక్కి తగ్గింది. అంతా ఆ రెండు వేళ్ళ మధ్యే! ఆవిడ లేచేదాకా ఆగలేక, నిలబడే నేనూ తిప్పడం మొదలుపెట్టాను.

పెనుగొండలో ఆరుబయట ప్రదర్శన. దానికోసం సింథసైజర్ అడిగి తెచ్చుకున్నాను. పెద్దావిడ కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. తుపాను రంగంలో నటి నోరు తెరిస్తే నేను గాలిని అణిచాను, ఆమె ఊపిరి తీసుకుంటే ఎగదోశాను. రిహార్సల్లో లేని చోట ఆమె గాలికి ఎదురుతిరిగి అరిచారు. నేనూ వదల్లేదు. ఇద్దరం పోట్లాడుకుంటున్నట్టే ఉంది!

తర్వాత ఆమె పాడే జోలపాటకి నేను స్వరం కలపాలి. స్టేజీ లైట్ల వేడికి శ్రుతి జారిందని మొదటి స్వరానికే తెలిసిపోయింది. ఆమె పాట ఒక దారి, నా స్వరం ఇంకో దారి. కీ మీంచి వేలు తీసేశాను. అప్పుడు తట్టింది, గాలికి శ్రుతితో పనేంటి? సన్నగా, అలసిపోయిన గాలిని ఆమె గొంతు కిందికి పంపాను. దాని మీదే ఆమె పాటంతా పాడేశారు.

తెర పడగానే నటి పరుగెత్తుకొచ్చారు. "ఆ గాలి ఎప్పుడు అనుకున్నామండీ? నాకు నిజంగా చలేసింది!"

"అనుకోలేదండి. శ్రుతి పోయింది."

ఆమె పగలబడి నవ్వారు. ఈలోగా పెద్దావిడ స్టేజీ ఎక్కి సింథసైజర్ మీద చెయ్యి వేసి చూశారు.

"జ్వరం వచ్చినట్టు కాలిపోతోంది. పాలకొల్లులో ఆట ఎప్పుడండి?"

"వచ్చే ఆదివారమండి."

"పాట మీ కొత్త కీబోర్డు మీద వాయించండి. తుపాను నాకొదిలేయండి."

నేను సరేననేలోపే ఆవిడ చీర కొంగు దోపుకుని నాబ్ తిప్పేశారు. కుర్చీలు సర్దుతున్నవాళ్ళు ఉలిక్కిపడి ఆకాశంకేసి చూశారు.