విశ్వాసమ్మ తిరిగి కట్టిన బదనిక

రాలిపడిన బదనిక మొక్కను చెట్టుకు తిరిగి కట్టినందుకు విశ్వాసమ్మకు అడవి దొంగగా జైలుశిక్ష వేశారు. ఇది 1938 వేసవిలో జరిగింది.

నల్లమల అంచున మా పల్లె క్రైస్తవుల సమాధుల తోట ఉంది. దాని గోడ పక్కనే, అడవి శాఖ హద్దులో, ఒక ఇప్పచెట్టు. దాని నీడ పడేచోటే ఆమె భర్త ప్రేమయ్య సమాధి. ఆ మాను మీద బదనిక పెరిగేది. అది చెట్టు రసం తాగదు; బెరడును పట్టుకుని, వేళ్ళను గాలికి వదిలి, మంచునూ వాననూ తాగుతుంది. ఎండకు సమస్తమూ మాడిన వేళ గోధుమవన్నె గళ్ళ పూలు పూసి, సమాధుల మీదంతా పరిమళం పరుస్తుంది. గాలివానకు రాలితే ఆడవాళ్ళు నారతో తిరిగి కట్టడం మా పల్లె ఆచారం.

ఆమె కడుతుండగా అడవి గార్డు నరసన్న వచ్చాడు.

"ఏమమ్మా, సర్కారు చెట్టుకు తాళి కడతాండావా?"

"కింద పడిండాది నాయనా. మేకలు మేస్తాయని కడతాండా. పూసినప్పుడు నువ్వేమన్నా ముక్కు మూసుకొని పోతావా?"

"ఆ వాసనేదో కచేరీలో చూపిద్దువు, పా."

కచేరీలో మేజిస్ట్రేటు అడిగింది ఒక్కటే: "అడవి మొక్కను చేతిలోకి తీసుకున్నావా?"

"తీసుకున్న్యా సామీ."

అంతే. సంఘ పెద్దలు తప్పు గురించి అడిగితే ఒక్కమాటలో ఒప్పుకోవాలనీ, కారణం చెబితే అది సాకవుతుందనీ ఆమెకు చిన్ననాటినుంచి నేర్పారు. కచేరీలోనూ అదే మర్యాద అనుకుంది. ఎందుకు తీసుకున్నావని అడగడం న్యాయస్థానం విధి. అడగలేదు. నేరం ఒప్పుకుందని రాసుకున్నారు. సాక్ష్యంగా తెచ్చిన మొక్క, మానూ మంచూ లేక, కచేరీ వరండాలోనే ఎండిపోయింది.

విడుదలైన తర్వాతి ఆదివారం ఆమె గుడిలో, రొట్టే ద్రాక్షరసమూ పంచే ప్రభువు బల్ల దగ్గరికి నడిచింది. సంఘ పెద్ద దావీదురాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"దొంగతనం ఒప్పుకొని వచ్చినావు. ఈ రొట్టె నీకు యాడిదమ్మా?"

"సరే అయ్యా" అంది. అక్కడా కారణం చెప్పలేదు.

అప్పటినుంచి ఆదివారాలు గడప బయటే కూర్చుంది. మరుసటి ఎండాకాలం చనిపోయింది. శిక్ష పడిన మనిషని తోటలో చోటివ్వక, గోడ బయట పూడ్చారు. భార్యాభర్తల మధ్య ఇప్పుడు ఆ గోడ ఉంది. ఇప్పమానుకు ఆమె చుట్టిన నార మిగిలింది, పూలు లేవు.

మేజిస్ట్రేటు గారూ, మీరు అడగని ప్రశ్నను పై కోర్టుకు నివేదించి, ఆ శిక్షను కొట్టివేయించండి. సంఘ పెద్దలారా, ఆ తీర్పు వచ్చేదాకా మీరు ఆగనక్కరలేదు. ఆమెను కదిలించకండి. గోడను పడగొట్టి, ఆమె సమాధికి అవతల కట్టండి. తొలకరికి ముందే కట్టండి.