ఏటి మధ్యలో తమ్ముడు

ఇన్నేళ్లూ ఇది ఎవరికీ చెప్పలేదు. ఈ ఉదయం పూజ ముగించి, బాల్కనీలో బట్టలారేసే తాడు లాగితే కప్పీ కీచుమంది. తడి చీర చేతిలోంచి జారిపోయింది. అందుకే రాస్తున్నాను.

ఎన్నూరు ఊళ్లోని నా చిన్ననాటి స్నేహితులారా, మా ఇంటికీ పక్కింటికీ కలిపి ఉన్న చిన్న పడవ గుర్తుందా? నీళ్లు వెనక్కి తగ్గే ఆటు సమయంలో ఒడ్డు బురదలో కూరుకుపోతుందని దాన్ని ఉప్పుటేటి మధ్యలో నిలిపేవాళ్లం. ఒడ్డున ఒక గుంజ, నీళ్లలో ఒక గుంజ, రెంటికీ కప్పీలు, వాటి చుట్టూ తిరిగే తాడు, ఆ తాడుకు పడవ. ఒకవైపు లాగితే వెళ్లేది, రెండోవైపు లాగితే వచ్చేది. వాడుకున్నవాళ్లే మళ్లీ లోపలికి పంపాలి.

ఒకనాడు పడవ ఒడ్డునే ఉండటం చూసి, పక్కింటివాళ్లు మరిచారనుకుని మా అవ్వ అలవాటుగా తాడు లాగి పంపేసింది. కాసేపటికి ఏటి మధ్యలో, పడవలోంచి ఒక తల లేచింది. గోనెపట్టా కింద నిద్రపోయిన మా మూడేళ్ల తమ్ముడు! అంచు పట్టుకుని నిలబడ్డాడు. పడవ ఒరిగింది.

ఒడ్డునే ఉన్న నేను కేక వేయబోతే, పక్కనున్న అమ్మ నా నోరు మూసింది. "అరిస్తే బెదురుకుంటాడే!" అని నాతో గుసగుసగా చెప్పి, వాడితో నవ్వుతూ, "ఆడే కూచో నాయనా, అవ్వ బండి లాగుతుండాది, కూచో" అంది. నా నోటి మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు. వాడు కూర్చున్నాడు. అవ్వ గోవిందా, గోవిందా అంటూ మెల్లగా లాగింది.

పడవ ఒడ్డు తాకగానే అమ్మ వాణ్ణి ఎత్తుకుని బురదలోనే కూలబడింది. వాడేమో చప్పట్లు కొట్టి, "ఇంకోతూరి లాగవ్వా!" అన్నాడు.

అవ్వ మళ్లీ ఆ తాడు ముట్టలేదు. తమ్ముడికి మాత్రం అది అవ్వ ఆడించిన ఆటగానే గుర్తుంది. దీన్ని మీ దగ్గరే ఉంచుకోండి, వాడికి చూపించకండి.