ఇంటర్వ్యూలో చెప్పని ఎండ

ఈ రోజు సరోజ మేడంతో కలిసి సదుంలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరిగాను. పుంగనూరులో నేను హెడ్మాస్టరుగా ఉన్న ప్రైవేటు స్కూల్లో ఆమె లెక్కలు చెబుతుంది. వేసవి సెలవుల్లో టీచర్లు కరపత్రాలు పట్టుకుని పిల్లల కోసం ఊళ్లు తిరగడం మా దగ్గర ఉన్నదే. నిరుడు ఆమెను ఇంటర్వ్యూ చేసినప్పుడు మాత్రం ఆ సంగతి నేను ఎత్తలేదు. అంత బాగా లెక్కలు చెప్పే మనిషి మదనపల్లె స్కూళ్లకు వెళ్లిపోతుందేమోనని భయపడ్డాను.

మధ్యాహ్నం ఒకావిడ కరపత్రం తీసుకుని, "మా పాపకు మీరే చెప్తారా మేడం?" అని అడిగింది.

"లేదమ్మా, నేను ఈ నెలతో మానేస్తాండాను," అంది సరోజ. నాకూ అప్పుడే తెలిసింది.

వీధిలోకి వచ్చాక, "ఎండకు తాళలేకనా అమ్మా?" అన్నాను.

"ఎండ నాకేం కొత్త సార్? టమోటా కోతలకు పోతా చదువుకున్నదాన్ని. ఇట్లా తిరగాలని ఆ పొద్దే చెప్పింటే, సరేనని చేరేదాన్ని. ఇది దాచినోళ్లు ఇంకేమి దాచిండారో అని నాకు గుబులు."

అంత మాట అన్నా, ఆమె మిగిలిన ఇళ్లలో ఒక్కటీ వదలకుండా తిరిగింది.

రేపు కుప్పం నుంచి కొత్త లెక్కల మాస్టారు ఇంటర్వ్యూకు వస్తున్నాడు. ముందు ఈ ఎండ గురించే చెబుతానంటే, స్కూలు నడిపే మా కరస్పాండెంటు, "చేరినాక చెప్దాం లే సార్," అన్నాడు. ఉద్యోగంలో చేరాకే మీకు తెలిసిన సంగతులుంటే రాయండి. మా కరస్పాండెంటుకు చూపించాలి.