గొళ్లెం మీద చెయ్యి

టీవీలో నన్ను చూసేవాళ్లకు నా అసలు పేరు తెలియదు, నా గొంతు కూడా తెలియదు. పేరు ప్రొడక్షన్ వాళ్లు పెట్టారు, గొంతు ఒక డబ్బింగ్ ఆవిడది. నాదని చెప్పుకోదగ్గది మొహం ఒక్కటే, దాని మీదా రూపాయి బిళ్లంత బొట్టు అతికించేవారు. మెదక్‌లో గిన్నెలకు కళాయి పూసే ముసల్మాన్ల ఇంట్లో పుట్టి, నాటకాల పిచ్చితో హైదరాబాద్ చేరినదాన్ని నేను. దూరదర్శన్ రోజుల్లో నర్సుగా, పక్కింటావిడగా కనిపించాను. జుట్టు నెరిశాక అత్తగారినయ్యాను. ఒకసారి అత్తగారైతే ఇక అంతే సంగతులు. నవ్వే వేషం ఇవ్వరు, పోనీ చంపనూ చంపరు. కోడళ్లు మారుతుంటారు, అత్త మాత్రం అదే మెట్ల దగ్గర నిలబడి కళ్లు ఉరుముతూ ఉంటుంది.

అలా విసిగిపోయి ఉన్నప్పుడు రజాకార్ల కాలం, పోలీస్ యాక్షన్ నేపథ్యంగా ఒక సీరియల్ మొదలుపెట్టారు. అందులో నాకు ఊరి పెద్దింటి ఇల్లాలి వేషం వచ్చింది. తీరా చూస్తే ఇదీ అత్తగారే, చీర మాత్రం మారింది. అయినా మనసు పెట్టి చేశాను. కారణం మా అమ్మీ.

పోలీస్ యాక్షన్ నాటికి అమ్మీ కొత్త పెళ్లికూతురు. రజాకార్లు పెట్టిన బాధలకు జనం లోపల ఎంత ఉడికిపోయారో, మిలిటరీ వచ్చాక ఆ కోపమంతా ఏ పాపమూ ఎరగని ముసల్మాన్ల ఇళ్ల మీద కూడా పడింది. మా నాన్న చేలల్లో దాక్కున్నాడు. అమ్మీని పక్కింటి అవ్వ తన ఇంట్లోకి లాక్కుని, నుదుట బొట్టు పెట్టి, కోడలి చీర కట్టి, గింజల గదిలో దాచింది. గొడవలు సద్దుమణిగేదాకా అమ్మీ ఆ గది దాటలేదు. ఈ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరొచ్చినా అమ్మీ చెప్పేది, చెప్పి ఆ అవ్వకు దువా చేసేది. కుల్చారంలో ఇచ్చిన మా పెద్దమ్మ ఆ రోజుల్లోనే చనిపోయింది. ఎట్లా అని అడిగితే మాత్రం అమ్మీ "పోయింది, గంతే" అని లేచి పోయేది.

షూటింగ్‌లో టీ తాగుతూ నేనీ కథ రచయితకు చెప్పాను. ఆయన కళ్లు మెరిశాయి. వారం తిరక్కుండానే సీన్లు వచ్చాయి. ఒక ముసల్మాన్ పిల్లని ఎవరో తరుముతుంటారు. ఆమె వచ్చి నా తలుపు కొడుతుంది. నేను తలుపు తీసి, లోపలికి లాక్కుని, బొట్టు పెడతాను. తరమడం, తలుపు కొట్టడం ఆయన సొంతంగా చేర్చినవి. అమ్మీ కథలో అవి లేవు. ఉంటే రక్తి కడుతుందన్నాడు, నేనూ సరేనన్నాను. మా అమ్మీని కాపాడిన చెయ్యి వేషం నాకు దొరికిందని మురిసిపోయి, మెదక్‌లో తమ్ముడి దగ్గరుండే అమ్మీకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

మా సీరియళ్లకు ఒక పద్ధతి ఉంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ప్రసారం, శుక్రవారం నాడు ఎవరో ఒకరు గండంలో పడి తీరాలి. శని, ఆదివారాలు జనం ఆ గండాన్ని నెత్తిన పెట్టుకుని తిరగాలి. ఆ శుక్రవారం పిల్ల తలుపు కొట్టింది, నేను లోపల గొళ్లెం మీద చెయ్యి వేశాను. నా మొహం మీద మూడుసార్లు క్లోజప్, మూడుసార్లు ఢామ్మని శబ్దం, అయిపోయింది.

శనివారం పొద్దున్నే అమ్మీ ఫోన్. సీరియల్ సంగతి వస్తే ఆమె ఉర్దూ వదిలి తెలుగులోకి దిగేది.

"తలుపు ఎందుకు తియ్యలే బేటీ?"

"సోమవారం తీస్తరు అమ్మీ."

"అందాక గా పిల్ల బయటనే నిలబడ్తదా?"

నేను నవ్వాను. అమ్మీ నవ్వలేదు.

సోమవారం తీయలేదు. రేటింగ్ ఎగిరి కూర్చుంది మరి. పిల్ల కొడుతూనే ఉంది, నేను గొళ్లెం మీద చెయ్యి వేసి గతం తలచుకుంటున్నాను. మంగళవారం మా ఆయన వేషధారి వద్దన్నాడు, బుధవారం కొడుకు వేషధారి తియ్యమన్నాడు. అప్పటికీ నా చెయ్యి ఆ ఇనప గొళ్లెం మీదే ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే నిలబెట్టి అందరి మొహాలూ తీశారు. చెయ్యి తిమ్మిరెక్కినా కిందికి దించనిచ్చేవారు కాదు, కంటిన్యుటీ పోతుందట. ఒక తలుపు ముందు నన్నే బంధించినట్టు ఉండేది.

మెదక్ నుంచి తమ్ముడి ఫోన్. "అన్నం తింటలేదు. తలుపు తీసిండ్రా, తీసిండ్రా అని ఒక్కటే అడుగుతుంది. మస్తు పరేషాన్ అయితున్నం. మీ సార్‌కు జర చెప్పరాదు?"

చెప్పాను. డైరెక్టర్ గారు ఓపిగ్గా విన్నారు. "మీ అమ్మగారిలాగే రాష్ట్రమంతా అన్నం మానేసి కూర్చుంది మేడమ్. తలుపు తీసేస్తే రేపు ఏం చూస్తారు?" అన్నారు. మానేస్తానన్నాను. కాంట్రాక్టు గుర్తుచేశారు. నా వయసూ గుర్తుచేశారు, అది ఇంకా మండింది.

మర్నాడు టేక్‌లో, మూడో క్లోజప్ ముందు, నాకు ఒళ్లు మండి గొళ్లెం లాగేశాను. తలుపు బార్లా తెరుచుకుంది. బయట పిల్ల లేదు. ఆ రోజు ఆమెకు షూటింగే లేదు. లైట్ స్టాండ్ల మధ్య స్టూలు వేసుకుని ప్రొడక్షన్ మేనేజర్ ఉప్మా తింటున్నాడు. సెట్ అంతా గొల్లున నవ్వింది, నేనూ నవ్వాను, ఆపైన మేకప్ గదిలోకి పోయి ఏడ్చాను.

చివరికి తలుపు తీయించింది నా పోరాటం కాదు. జనం విసిగి పక్క ఛానల్‌కు పోవడం మొదలెట్టారు, అంతే. మర్నాడే పిల్లని పిలిపించారు. నేను గొళ్లెం లాగాను, పిల్లని గుండెకు హత్తుకున్నాను, బొట్టు పెట్టాను. గ్లిజరిన్ అవసరం పడలేదు. అది ప్రసారమయ్యే రోజు సెలవడిగి మెదక్ వెళ్లాను. అమ్మీ పక్కన కూర్చుని చూడాలి, ఆ తర్వాత ఆమెకు నా చేత్తో అన్నం పెట్టాలి. నాకున్న కోరిక అదొక్కటే.

అమ్మీ చిక్కిపోయింది. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. సీరియల్ మొదలైంది. పిల్ల కొట్టింది. టీవీలో నేను గొళ్లెం లాగాను. తలుపు తెరుచుకుంది. తమ్ముడి భార్య చప్పట్లు కొట్టింది. నేను అమ్మీ మొహం చూశాను.

ఆమె సంతోషించలేదు. నోరు తెరుచుకుని తెర వైపే చూస్తోంది.

"గట్ల వచ్చేస్తదా గొళ్లెం?" అంది.

"తీసిన కదా అమ్మీ. పిల్ల లోపలికొచ్చింది, చూడు."

"అవ్వ నా నోరు మూసింది," అంది అమ్మీ. ఆమె గొంతు మామూలుగానే ఉంది. "బయట మా అక్క. కుల్చారం నుంచి ఉరికొచ్చింది. నేను గీడున్నట్టు ఎవరు చెప్పిండ్రో ఏమో. నా పేరు పెట్టి పిలిచింది. తలుపు తీస్తే అందరం పోతం బిడ్డా అన్నది అవ్వ. గప్పుడు అక్క తలుపు కొట్టుడు ఆపింది. నేను గింజల మీద పండుకున్న."

తమ్ముడు లేచి టీవీ కట్టేశాడు.

"తియ్యరాదు అనుకున్న. తీసే దారి లేకుండె అనుకున్న. గిన్నేండ్లు గదే అనుకుంట బతికిన." ఆమె నా వైపు తిరిగింది. "నువ్వెట్ల తీసినవ్ మరి?"

"అది నాటకం అమ్మీ. ప్లైవుడ్ తలుపు. అవతల ఎవ్వరూ ఉండరు."

"చెయ్యి నీదే గదా?"

నాకు భయం వేసింది. రచయిత మీద, డైరెక్టర్ మీద, నా మీద కోపం వచ్చింది. ఏ అవ్వకు ఆమె జీవితమంతా దువా చేసిందో ఆ అవ్వ మీద కూడా ఒక్క క్షణం కోపం వచ్చింది. ఆవిడ ఆ తలుపు తెరిచి ఉంటే నేను పుట్టేదాన్నో లేదో. ఆ లెక్క అమ్మీకి చెప్పి ఏం లాభం? అది ఆమెకు నాకంటే బాగా తెలుసు.

"నాదే అమ్మీ," అన్నాను.

ఆమె నా కుడి చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత తన ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో గట్టిగా అదిమింది. పొద్దున ఏడింటికి నేను సెట్‌లో ఉండాలి, తమ్ముడు ఆఖరి బస్సు వేళ గుర్తుచేశాడు. అమ్మీ వదల్లేదు. అన్నం పళ్లెం పక్కనే చల్లారిపోయింది. బస్సు పోయింది. నేను చెయ్యి లాక్కోలేదు.