గ్రాములు రాసిన లింబాద్రి

దోహాలో మా కొరియర్ ఆఫీసు అల్ మన్సూరాలో ఒక మూడంతస్తుల భవనం కింది భాగంలో ఉండేది. ముందు కౌంటరు, వెనక గోడౌను. 1997లో నేనక్కడ బిల్లింగ్ చూసేవాణ్ణి. కౌంటరు పక్కన కాంటా దగ్గర లింబాద్రి నిలబడేవాడు. నిజామాబాద్ జిల్లా, భీంగల్ దగ్గర పల్లె. కట్టుబడి పనికని ఖతార్ వచ్చి, రెండేళ్లు ఎండలో కంకర మోసి, ఆ సైటు మూతపడ్డాక మా కంపెనీలో హెల్పరుగా చేరాడు. చదివింది ఏడో తరగతి. అంకెలు మాత్రం అచ్చు గుద్దినట్టు రాసేవాడు.

మా దగ్గర బిల్లు అరకిలో లెక్కన పడేది. రెండున్నర కిలోలు దాటితే మూడు కిలోల ధర. అందుకని అందరం పై అరకిలోకు పెంచి రాసేసేవాళ్లం. లింబాద్రి ఒక్కడే గ్రాములతో సహా రాసేవాడు. పైగా పార్సిల్ తెచ్చిన మనిషిని కాంటా దగ్గరికి పిలిచి, "దేఖో సాబ్, ఇత్నా హై" అని అంకె చూపించి, స్లిప్పు మీద ఆ అంకె పక్కనే సంతకం పెట్టించుకునేవాడు. రోజూ పొద్దున కౌంటరు తెరవకముందే రెండు కిలోల ఇనప రాయి కాంటా మీద పెట్టి, సరిగ్గా చూపించిందో లేదో ఒక రిజిస్టర్లో రాసేవాడు. ఆ పని ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

"మూడు అని రాస్తే సరిపోతుంది కదా లింబాద్రీ. కంప్యూటర్లో నేనెలాగూ మూడే ఎక్కిస్తాను" అన్నానొకసారి నవ్వుతూ.

"మీరు మూడెక్కియ్యుండ్రి ఏబెల్ సార్. కాంట రెండు కిలోల ఎనిమిదొందల అరవై జూపెడుతున్నది. మూడని నేనెట్ల రాస్త?"

ఆ పట్టుదల ఎక్కడిదో ఒక మధ్యాహ్నం టీ తాగుతూ చెప్పాడు. వాళ్లమ్మ గౌరవ్వ బీడీలు చుట్టేది. కమీషన్‌దారు ఆకు, తంబాకు తూచి ఇచ్చేవాడు, సాయంత్రం ఆ లెక్కకు సరిపడా బీడీలు తేవాలి. ఒకసారి వరసగా నాలుగు రోజులు బీడీలు తక్కువ వచ్చాయి. ఆకు దాచుకున్నావని పదిమంది ఆడవాళ్ల ముందు వాడు గౌరవ్వను నిలదీశాడు. మర్నాడు ఆమె ఆకు మూట తీసుకుని నేరుగా కిరాణా కొట్టుకు వెళ్లి జోకించింది. చెప్పిన బరువు కంటే తక్కువ ఉంది. ఆ మూట అలాగే కార్ఖానాకు తిరిగి తెచ్చి, అందరి ముందు మళ్లీ జోకమంది.

"ఆ రోజు సంది మా ఊర్లె జోకుడు కండ్ల ముందర్నే" అన్నాడు లింబాద్రి. ఆ మాట అన్నప్పుడు వాడి వెన్ను నిటారైంది.

ఆ ఏడాది అక్టోబరులో విజయరత్నం మీద నింద పడింది.

విజయరత్నం మా డ్రైవరు. అమలాపురం వైపు మనిషి, నలభై ఎనిమిదేళ్లు, పదకొండేళ్లుగా దుఖాన్ రోడ్డు రూటు ఆయనదే. దోహాలో ఉన్న ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపు సైటు క్యాంపుల్లో ఉండే ఉద్యోగులకు వీడియో కెమెరాలు మా ద్వారా పంపేది. నచ్చకపోతే పదిహేను రోజుల్లో డబ్బా విప్పకుండా తిప్పి పంపవచ్చు, డబ్బు వాపసు ఇస్తారు. అలా తిరిగొచ్చిన డబ్బాలను షాపువాళ్లు మళ్లీ కొత్తవాటితో కలిపి అమ్మేవారు. ఇంటికి తీసుకెళ్లి విప్పిన ముగ్గురు కొనుగోలుదార్లకు లోపల కెమెరా బదులు విరిగిన పాత యంత్రం, పగిలిన టైల్స్ ముక్కలు కనిపించాయి.

షాపు ఇన్‌చార్జి ఫసీయుద్దీన్ హైదరాబాదు మనిషి. కోపంతో మా గోడౌనులోకి వచ్చి, అందరం చూస్తుండగా విజయరత్నం వైపు వేలు చూపించాడు.

"మా దగ్గర సీల్ వేసి ఇస్తం. కస్టమర్లు ఇంజనీర్లు, పెద్ద మనుషులు, విప్పనే లేదంటరు. మధ్యలో ఎవరున్నరు? ఈ డ్రైవరే! ఈయనే దొంగ!"

మా మేనేజరు కంప్యూటర్లో చూడమన్నాడు. చూశాను. మూడు పార్సిళ్లూ వెళ్లేటప్పుడు మూడు కిలోలు, వచ్చేటప్పుడు మూడు కిలోలు. బరువులో తేడా లేదు. రెండింటిని విజయరత్నమే తీసుకెళ్లాడు. మూడోదాని ఎదుట డ్రైవరు పేరు లేదు, కానీ ఆ రూటు ఆయనదే కాబట్టి అదీ ఆయన ఖాతాలోనే వేశారు. వారంలో వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తామన్నాడు మేనేజరు. బండి తాళాలు తీసేసుకున్నారు.

"ఏబెల్ గారూ, పదకొండేళ్లలో ఒక్క పార్సిల్ నలిగిందన్న మాట పడలేదండి" అన్నాడు విజయరత్నం నా బల్ల దగ్గరికొచ్చి. "పని పోతే పోయింది. దొంగ అనిపించుకుని వెళ్లి మా ఆవిడ మేరీకి నా మొహం ఎలా చూపించనండీ?"

ఆయన వెళ్లాక లింబాద్రి వచ్చాడు.

"సార్, కంప్యూటర్ల మూడు కిలోలని ఉన్నది గద?"

"అవును. పోయేటప్పుడూ మూడే, వచ్చేటప్పుడూ మూడే."

"అది మీరెక్కిచ్చిన మూడు సార్. నేను రాసింది మూడు గాదు. స్లిప్పులు దీయుండ్రి."

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. స్లిప్పుల ఆఫీసు కాపీలు నెలల వారీగా అట్టపెట్టెల్లో కట్టి ఉన్నాయి. మధ్యాహ్నం భోజనం మానేసి ఇద్దరం వెతికాం. నాలుగున్నరకు మూడూ దొరికాయి.

మొదటిది పోయేటప్పుడు రెండు కిలోల ఎనిమిది వందల అరవై గ్రాములు, వచ్చేటప్పుడు రెండు కిలోల అయిదు వందల నలభై. రెండోదీ పోయేటప్పుడు అంతే, వచ్చేటప్పుడు రెండు కిలోల ఆరు వందల పది. మూడోదీ పోయేటప్పుడు అంతే, వచ్చేటప్పుడు రెండు కిలోల అయిదు వందల ఇరవై అయిదు. అన్నీ నా చేతిలో పడి మూడు కిలోలైపోయాయి.

మూడింటినీ తిప్పి తెచ్చింది ఒకే ఇంజనీరు, స్వయంగా మా కౌంటరుకే. మూడోదైతే తీసుకెళ్లింది కూడా ఆయనే. ఊరికి పోయే తొందరలో ఉన్నానని, బండి వచ్చేదాకా ఆగలేనని, ఆఫీసుకే వచ్చి పట్టుకెళ్లాడు. అందుకే డ్రైవరు పేరు లేదు. ఇచ్చేటప్పుడు ఒక అంకె, పదకొండు రోజుల తర్వాత తెచ్చేటప్పుడు మూడు వందల ముప్ఫై అయిదు గ్రాములు తక్కువగా ఇంకో అంకె. రెండింటి పక్కనా ఆయన సంతకమే. ఆ రెండు తూకాల మధ్య ఆ డబ్బాను మా డ్రైవర్లెవరూ ముట్టుకోలేదు.

మర్నాడు మేనేజరు ఫసీయుద్దీన్‌ను పిలిపించాడు. ఆయన స్లిప్పులు అటూ ఇటూ తిప్పాడు.

"కాంటా తప్పు చూపెట్టి ఉండొచ్చు గదా భాయ్?"

లింబాద్రి రిజిస్టరు తెచ్చి ముందు పెట్టాడు. ఆ ఆరు తేదీల్లోనూ పొద్దున రెండు కిలోల రాయి సరిగ్గా రెండు కిలోలే తూగినట్టు రాసి ఉంది.

"మీ షాపుల తిరిగొచ్చిన డబ్బాలు ఇంక ఉన్నయా సార్?" అని అడిగాడు.

"తొమ్మిదున్నయ్. సీల్ అన్నీ బరాబరున్నయ్."

"కాంట దెస్త. విప్పకుంటనే చెప్త."

కాంటా వ్యాన్లో ఎక్కించుకుని నేనూ, మేనేజరూ వెంట వెళ్లాం. షాపు వెనక గదిలో లింబాద్రి ముందు రాయి పెట్టి చూశాడు. తర్వాత ఫ్యాక్టరీ నుంచి కొత్తగా దిగిన అయిదు డబ్బాలు తూచాడు. అయిదింటికీ మధ్య తేడా పది గ్రాములు దాటలేదు. అప్పుడు తిరిగొచ్చిన తొమ్మిదీ ఒక్కొక్కటే పెట్టాడు. సేల్స్‌వాళ్లు కుర్చీలు వదిలి వచ్చి గుమిగూడారు. ఏడు డబ్బాలు ఎడమ పక్కకు, రెండు కుడి పక్కకు జరిపాడు.

"ఈ రెండు ఖరాబున్నయ్."

ఫసీయుద్దీన్ ఒకదాని మీద చెయ్యేసి నవ్వాడు. "ఇది నలభై గ్రాములు ఎక్కువుంది. బరువెక్కువుంటే ఖరాబ్ ఎట్లయితది?"

"తక్కువైనా, ఎక్కువైనా అది మీరు పంపిన సామాను గాదు సార్. విప్పుండ్రి."

ఫసీయుద్దీనే కత్తితో టేపు కోశాడు. పైన కాగితం, పుస్తకం సరిగ్గానే ఉన్నాయి. కింద విరిగిన టేప్ రికార్డరు, గుడ్డలో కట్టిన ఇసుక పొట్లం. రెండో డబ్బాలో టైల్స్ ముక్కలు. మేనేజరు మిగతా ఏడూ విప్పించాడు. ఏడింటిలోనూ కొత్త కెమెరాలే ఉన్నాయి.

ఆ రెండూ కూడా ఆ ఇంజనీరే తిప్పి తెచ్చినవి. షాపు కౌంటర్లో ఒక్కోసారి ఒక్కొక్కరు తీసుకోవడంతో అయిదూ ఒకే మనిషివని గమనించినవాళ్లు లేరు. స్లిప్పుల కాపీలు ఆయన పనిచేసే కంపెనీకి వెళ్లాయి. రెండు రోజులు బుకాయించి, సంతకాలు చూపించాక ఒప్పుకున్నాడు. పై సీలు ముట్టుకోకుండా డబ్బా అడుగు అతుకు ఊడదీసి, కెమెరాలు మార్చి మళ్లీ అతికించి, వాటిని ఊరెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపానన్నాడు. వాటి ఖరీదు కట్టించి ఆ కంపెనీ ఆయన్ని పనిలోంచి తీసేసింది.

ఆ గురువారం ఫసీయుద్దీన్ ఒక కొత్త వీడియో కెమెరా డబ్బా చంకన పెట్టుకుని మా గోడౌనుకు వచ్చాడు. అది లింబాద్రి చేతిలో పెట్టబోయాడు.

"నాకద్దు సార్" అన్నాడు లింబాద్రి, చేతులు వెనక్కి పెట్టుకుని.

"అరె, ఖుషీతోని ఇస్తున్న. తీసుకో."

"విజయరత్నమన్నను దొంగ అన్నది ఈడనే, ఇంతమంది ముందర. తప్పైంది అన్నది గూడ ఈడనే అనుండ్రి. నాకు గంతే చాలు."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. ఒక హెల్పరు అంత పెద్ద షాపు ఇన్‌చార్జితో అలా మాట్లాడటం మేం ఎప్పుడూ చూడలేదు. అయితే ఫసీయుద్దీన్ మంచి మనిషి. డబ్బా బల్ల మీద పెట్టి, విజయరత్నం దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మాఫ్ చెయ్యి భాయ్. తెల్వక పెద్ద మాట అన్న."

విజయరత్నం తల ఊపాడు. కళ్లు తుడుచుకుని, మేనేజరు అందించిన తాళాలు తీసుకుని, ఆ రోజు పార్సిళ్లు ఎక్కించుకోవడానికి బండి దగ్గరికి నడిచాడు. ముప్ఫై మంది చప్పట్లు కొట్టాం. అన్ని దేశాలవాళ్లం, అన్ని భాషల్లో ఏవేవో అరిచాం. లింబాద్రి మాత్రం కాంటా మీద దుమ్ము తుడుస్తూ నిలబడ్డాడు. కానీ మొహం వెలిగిపోతోంది, దాచుకోవడం వాడి వల్ల కాలేదు.

తర్వాత నెల నుంచి మా స్లిప్పుల మీద గ్రాములకు వేరే గడి అచ్చయింది. కంప్యూటర్లోనూ నేను గ్రాములతోనే ఎక్కించడం మొదలుపెట్టాను. మరుసటి ఏడాది మెసైమీర్‌లో కొత్త గోడౌను తెరిచినప్పుడు తూకాల విభాగం మొత్తం లింబాద్రికి అప్పగించారు. ఆరుగురు వాడి కింద పనిచేసేవారు, వాళ్లలో ఇద్దరు డిగ్రీ చదివినవాళ్లు. ఏదో పని మీద అక్కడికి వెళ్లినప్పుడు చూశాను. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, మెడలో 'వెయిట్ సూపర్‌వైజర్' అని రాసిన కార్డు. ఎవరో కొత్తతను స్లిప్పు మీద నాలుగు కిలోలని గుండ్రంగా రాసి తెచ్చాడు.

"కాంట ఏం జెప్తున్నదో మళ్ల సూసి రా భాయ్" అన్నాడు లింబాద్రి, స్లిప్పు తిరిగిచ్చేస్తూ. నన్ను చూసి కుర్చీ లాగి, టీ చెప్పాడు.